ఆ వీడియో మా ఇంటికి రెండు దారుల్లో వచ్చింది

2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో 40 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు చనిపోయారు. నెల తిరిగేసరికి, మార్చి 15 శుక్రవారం నాడు, మేముండే న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మసీదుల మీద ఒక దుర్మార్గుడు కాల్పులు జరిపాడు. మొత్తం 51 మంది ప్రాణాలు పోయాయి. వాళ్ళలో మన హైదరాబాద్ నుంచి వచ్చి ఇక్కడ బతుకుతున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఆ నెల రోజుల్లో మా పిల్లలు రెండు దేశాల ఏడుపు విన్నారు, రెండు దేశాల కోపం చూశారు.

ప్రవాసంలో పిల్లల పెంపకం అనగానే మనవాళ్ళ మాటలు తెలుగు క్లాసులు, భోజనం, పండగలు, పెళ్ళిళ్ళ దగ్గర ఆగిపోతాయి. నాకు అవేవీ పెద్ద కష్టం అనిపించలేదు. ఒక ఘోరం జరిగినప్పుడు ఏది చూడాలి, ఏది ఇంకొకరికి పంపాలి, ఎవరి మాట నమ్మాలి అనే దగ్గర ఈ దేశం పిల్లలకు ఒకటి చెబుతుంది, మన చుట్టాలు ఇంకోటి చెబుతారు. పిల్లలు రెండూ వింటారు. మధ్యలో మనం ఏం మాట్లాడతామా అని మన మొహం చూస్తారు. నాకు కష్టమంతా అక్కడే.

అప్పుడు మా అబ్బాయికి పదమూడేళ్ళు, అమ్మాయికి ఆరు. ఆ రోజు ఊళ్ళో చాలామంది పిల్లలు వాతావరణ మార్పుల మీద ర్యాలీ అని కెథడ్రల్ స్క్వేర్‌కి వెళ్ళారు. మావాడు స్కూల్లోనే ఉన్నాడు. మధ్యాహ్నం ఒంటిగంట నలభై ప్రాంతంలో డీన్స్ అవెన్యూలోని అల్ నూర్ మసీదులో, ఆ తర్వాత లిన్‌వుడ్‌లో కాల్పులు. ఊళ్ళో స్కూళ్ళన్నీ లాక్‌డౌన్‌లోకి వెళ్ళిపోయాయి. 2011 భూకంపం తర్వాత ఇక్కడి పిల్లలకు బల్ల కింద దూరి తల కాపాడుకోవడం బాగా అలవాటు. ఈసారి అలా కాదు. లైట్లు ఆర్పేసి, కిటికీలకు దూరంగా, సాయంత్రం దాకా నేల మీద కూర్చోబెట్టారు. బయట ఏం జరుగుతోందో టీచర్లకే సరిగ్గా తెలియదు. పిల్లల చేతుల్లో మాత్రం ఫోన్లున్నాయి. ఆ హంతకుడు ఒంటి మీద కెమెరా పెట్టుకుని ఫేస్‌బుక్‌లో లైవ్ ఇచ్చిన వీడియో ఆ చీకటి గదుల్లోకే వచ్చేసింది. మావాడి క్లాసులో కొందరు చూశారు. వీడు కళ్ళు తిప్పుకున్నాడు గానీ, పక్కవాడి ఫోన్లోంచి వచ్చిన చప్పుడు విన్నాడు.

ఆ వీడియో అంత వేగంగా ఎలా పాకిందో తర్వాత బయటపడ్డ లెక్కలు చూస్తే తెలుస్తుంది. లైవ్ నడిచింది 17 నిమిషాలు. ఆ సమయంలో చూసినవాళ్ళు 200 మంది లోపే. మొదటి ఫిర్యాదు లైవ్ ముగిసిన 12 నిమిషాలకు వచ్చింది. కంపెనీ దాన్ని తీసేసేసరికి సుమారు 4,000 సార్లు చూశారు. చూస్తే చిన్న అంకెలే. కానీ ఆ తర్వాతి 24 గంటల్లో 15 లక్షల కాపీలు తొలగించామని, వాటిలో 12 లక్షలు అప్‌లోడ్ అవుతుండగానే ఆపామని ఫేస్‌బుక్ ప్రకటించింది. అంటే మిగిలిన మూడు లక్షలు ఎంతసేపో కొంతసేపు జనం కళ్ళ ముందుకు వచ్చినవే. ఆ లైవ్‌ను చూసింది రెండు వందల మంది, లోకానికి పంచింది లక్షల మంది. వాళ్ళందరూ హంతకుడి అభిమానులు కారు. చాలామంది మనలాంటివాళ్ళే. భయంతోనో, ఆత్రంతోనో, నలుగురికీ తెలియాలనో పంపినవాళ్ళు.

మా ఫ్యామిలీ గ్రూప్‌లోకి కూడా అలాగే వచ్చింది. ఇక్కడ మధ్యాహ్నం అంటే అక్కడ పొద్దున్నే ఆరు. చుట్టాలు నిద్ర లేచేసరికి టీవీల్లో క్రైస్ట్‌చర్చ్ పేరు. మా కోసం కంగారుగా ఫోన్లు, మెసేజ్‌లు. ఆ కంగారులోనే ఆ వీడియో, కింద ‘జాగ్రత్త’ అని ఒక మాట. పెట్టింది మా బావగారు. మావాడు అదే గ్రూప్‌లో ఉన్నాడు, తాతయ్య అమ్మమ్మలతో మాట్లాడతాడని మేమే చేర్చాం.

నేను గ్రూప్‌లో ఏమీ రాయలేదు. పదిమందిలో పెద్దవాళ్ళకి చెప్పే మాట కాదది. ఫోన్ చేశాను. “బావగారూ, ముందు ఆ వీడియో గ్రూప్‌లోంచి తీసేయండి. పిల్లలున్నారు. ఇక్కడ అది ఇంకొకరికి పంపితే కేసు కూడా అవుతుంది” అన్నాను. “అదేంటమ్మా, మీరు జాగ్రత్తగా ఉంటారనే కదా పెట్టాను” అన్నారాయన. ఆయన ఉద్దేశం నిజంగా అదే. మా ఇద్దరి పెళ్ళికి అప్పు చేసిన మనిషి, మా అబ్బాయికి సైకిల్ నేర్పించిన మనిషి. “అందులో ఉన్నవాళ్ళకీ పిల్లలున్నారు బావగారూ. వాళ్ళ నాన్న చనిపోవడం వాళ్ళు ఫోన్లో చూడాలా?” అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత తీసేశారు.

వీడియో అయితే పోయింది. దాని తర్వాత వచ్చిన మాటలు పోలేదు. పుల్వామా జరిగి నెల, బాలాకోట్ జరిగి మూడు వారాలు కూడా కాలేదు, ఏప్రిల్ 11న ఆంధ్రలో పోలింగ్. గ్రూప్ అంతా అప్పటికే ఉడికిపోతోంది. చనిపోయినవాళ్ళు ఏ మతంవాళ్ళో తెలిశాక ఒకరిద్దరి గొంతు మారింది. ‘వాళ్ళు మనవాళ్ళకి చేసింది గుర్తు లేదా’ అని ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. మావాడికి తెలుగు చదవడం రాదు, వినడం మాత్రం పూర్తిగా వచ్చు. రాత్రి నా దగ్గరికి వచ్చి, “అమ్మా, నా ఫ్రెండ్ వాళ్ళ అంకుల్ ఆసుపత్రిలో ఉన్నాడు. ఆయన మనవాళ్ళకి ఏం చేశాడు?” అని అడిగాడు.

అలాంటి ప్రశ్న వచ్చినప్పుడు ఇక్కడి తల్లిదండ్రుల్లో చాలామంది, మన తెలుగువాళ్ళతో సహా, రెండింట్లో ఒకటి చేస్తారు. పిల్లల్ని ఆ గ్రూప్ నుంచి తీసేస్తారు, లేదా ‘పెద్దవాళ్ళు అలాగే మాట్లాడతారులే’ అని దాటేస్తారు. నాకు రెండూ ఒప్పుకోబుద్ధి కాలేదు. గ్రూప్‌లోంచి తీసేస్తే వాడికి ఆ ఇల్లే పోతుంది. దాటేస్తే, మనం ప్రేమించేవాళ్ళు ఏం మాట్లాడినా చెల్లుతుందని నేర్చుకుంటాడు. అందుకే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన ఏమీ చేయలేదని చెప్పాను. నలభై మంది జవాన్లు పోయారన్న బాధలో ఉన్న మనిషి, ఆ బాధకు ఏ సంబంధమూ లేనివాళ్ళ మీద కోపం చూపిస్తున్నాడని, అది తప్పని చెప్పాను. పుల్వామా అంటే ఏమిటో కూడా మొదటిసారి కూర్చోబెట్టి వివరించాను. ఎందుకంటే ఇక్కడి స్కూల్లో ఆ పేరు ఎవరూ ఎత్తలేదు. వాడి క్లాసులో క్రైస్ట్‌చర్చ్ కోసం ఏడ్చిన పిల్లలకు పుల్వామా తెలియదు, మా చుట్టాల పిల్లలకు లిన్‌వుడ్ తెలియదు. రెండూ తెలిసినవాడు వీడొక్కడే. ఆ వయసు పిల్లవాడికి అది చిన్న బరువు కాదు.

అదే సమయంలో నాకు బాగా ఉపయోగపడ్డ సంగతి ఒకటుంది. పుల్వామా తర్వాత జవాన్ల శరీర భాగాలంటూ నకిలీ ఫొటోలు తిరుగుతుంటే, సీఆర్పీఎఫ్ స్వయంగా ప్రకటన చేసింది. ద్వేషం రెచ్చగొట్టడానికి ఎవరో చేస్తున్న పని ఇది, వాటిని షేర్ చేయకండి, లైక్ చేయకండి అని ప్రజల్ని కోరింది. ఇక్కడి పోలీసులు అడిగిందీ అదే. బావగారికి ఆ ప్రకటన పంపాను. చనిపోయినవాళ్ళ మర్యాద కాపాడటం తెల్లవాళ్ళ పద్ధతని, ఇక్కడికొచ్చి మేం మారిపోయామని అనుకునే చుట్టాలకు ఇంతకన్నా మంచి జవాబు నా దగ్గర లేదు. మావాడికీ చూపించాను. మన దేశం కూడా అదే మాట చెప్పిందా అని వాడి మొహంలో ఎంత ఊరటో!

ఇక ఈ దేశం వైపు. అప్పటి ప్రధాని జసిండా ఆర్డెర్న్ హంతకుడి పేరు తన నోట ఎప్పటికీ రాదని పార్లమెంటులో అన్నారు. మా ఇంట్లోనూ ఆ పేరు ఇప్పటికీ పలకం. సోషల్ మీడియా కంపెనీలు ఉత్తరాలు మోసే పోస్ట్‌మ్యాన్‌లు మాత్రమే కాదు, ప్రచురించేవాళ్ళు కూడా అని, లాభమంతా తీసుకుని బాధ్యత లేదంటే కుదరదని ఆవిడ అన్న మాట నాకు చాలా నచ్చింది. నాలుగు వారాలు తిరగకుండానే, ఏప్రిల్ 10న, తుపాకుల్ని కట్టడి చేసే చట్టం పార్లమెంటులో 119–1 ఓట్లతో పాసైంది. ఆ ఒక్క ఓటు ఎంపీ డేవిడ్ సీమోర్‌ది, ఇంత హడావిడిగా చట్టం చేయకూడదని ఆయన వాదన. చట్టం సరైనదే అని నా నమ్మకం. అయినా ఆ ఒక్క ఓటు గురించి మావాడితో చాలాసేపు మాట్లాడాను. దుఃఖంలో ఉన్న దేశంలో ఒకడు లేచి ‘ఆగండి’ అంటే వాణ్ణి ద్రోహి అనకూడదని వాడికి తెలియాలి.

వీడియో విషయం ఇంకా చిక్కు. చీఫ్ సెన్సార్ డేవిడ్ షాంక్స్ దాన్ని నిషిద్ధ జాబితాలో పెట్టారు. తెలిసి పంచితే 14 ఏళ్ళ దాకా జైలు. సుమారు 30 మందికి పంపిన ఒక వ్యక్తికి ఆ ఏడాది జూన్‌లో 21 నెలల శిక్ష పడింది. హంతకుడు రాసిపెట్టిన రాతల్ని కూడా నిషేధించారు. “వీడియో సరే. రాతలెందుకు నిషేధించాలి? జర్నలిస్టులు చదవకపోతే వాడు ఎందుకు చేశాడో ఎలా తెలుస్తుంది?” అని మావాడు, వాళ్ళ నాన్న వాదించుకున్నారు. జర్నలిస్టులూ పరిశోధకులూ అనుమతి అడగొచ్చని మా ఆయన. ఎవరికి అనుమతి ఇవ్వాలో ప్రభుత్వమే తేలిస్తే ఎలా అని మావాడు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. మనింట్లో భోజనాల దగ్గర రాజకీయాల మీద గొంతులు పెంచుకుని వాదించుకోవడం మామూలే కదా. దాన్ని నేను ఏనాడూ ఆపను. స్కూల్లో ఆ వారాల్లో పిల్లల్ని చాలా ప్రేమగా చూసుకున్నారు, కౌన్సెలర్లను పెట్టారు, పూలు పెట్టించారు. కానీ ‘ఎందుకు జరిగింది’ అనే మాట దగ్గర అందరూ మెల్లగా మాట మార్చేవాళ్ళు. అది పిల్లలు ఇంట్లో మాట్లాడుకోవాల్సి వచ్చింది.

అన్నిటికన్నా నన్ను ఆలోచనలో పడేసింది ప్రైవసీ. వీడియో షేర్ చేసినవాళ్ళ పేర్లు పోలీసులకు ఇవ్వాలని ఫేస్‌బుక్‌ను అడిగింది ఎవరో కాదు, సాక్షాత్తూ ఈ దేశపు అప్పటి ప్రైవసీ కమిషనర్ జాన్ ఎడ్వర్డ్స్. జనం ప్రైవసీని కాపాడాల్సిన మనిషే అడిగాడంటే ఆ రోజుల్లో మనసులు ఎలా ఉన్నాయో అర్థమవుతుంది. అదే రోజుల్లో మా తెలుగు స్నేహితుల్లో చాలామంది పిల్లల ఫోన్లలో అన్నీ కనిపించే యాప్‌లు వేయించుకున్నారు. నన్నూ వేసుకోమన్నారు. మనవైపు పిల్లల దగ్గర పెద్దలకు తెలియని గది ఏదీ ఉండదు. డైరీ చదువుతాం, ఉత్తరం విప్పుతాం, అది ప్రేమే అనుకుంటాం. ఇక్కడి పిల్లలకు అది అవమానం.

నేను వేయలేదు. మావాడి ఫోన్ రాత్రి హాల్లో ఉండాలి, నిద్ర పట్టకుండా చేసేది ఏది కనబడినా ముందు మా దగ్గరికి రావాలి, వచ్చినప్పుడు మేం కోప్పడకూడదు. ఇవీ మేం పెట్టుకున్న షరతులు. మూడోది మాకు.

ఈ దాడి మీద ప్రభుత్వం వేసిన విచారణ సంఘం, రాయల్ కమిషన్, 2020 డిసెంబర్‌లో బయటికొచ్చిన దాని నివేదిక చదివాక ఆ నిర్ణయం మీద నాకు నమ్మకం పెరిగింది. నిఘా సంస్థలు తమ శక్తినంతా ఇస్లామిస్ట్ ఉగ్రవాదం మీదే తగని మోతాదులో పెట్టాయని, మిగతా వైపులు సరిగ్గా చూడలేదని కమిషన్ తేల్చింది. అటు చూసి ఉన్నా ఈ దాడి ముందుగా దొరికేదని చెప్పలేమని కూడా నిజాయితీగా రాసింది. తుపాకీ లైసెన్స్ ఇచ్చేటప్పుడు పోలీసులు తగిన విచారణ చేయలేదని అంది. ముస్లిం మహిళల సంఘం ఏళ్ళ తరబడి తమకు వస్తున్న బెదిరింపుల గురించి ప్రభుత్వానికి చెప్పుకుంటూనే ఉంది. అందరి ఫోన్లలోకీ చూసే అధికారం కొత్తగా అడిగే ముందు, ఎదురుగా వచ్చి చెప్పినవాళ్ళ మాట వినాలి కదా! ఇంట్లో కూడా నాకు అదే పద్ధతి సరైనదనిపించింది.

ఇప్పుడు మా అమ్మాయికి అప్పటి అన్నయ్య వయసు వచ్చింది, ఫోన్ కావాలంటోంది. పక్కన ఆస్ట్రేలియాలో 2025 డిసెంబర్ 10 నుంచి పదహారేళ్ళలోపు పిల్లలకు సోషల్ మీడియా అకౌంట్లు లేకుండా చట్టం అమల్లోకి వచ్చింది. ఇక్కడా అలాంటిదే రావాలని మా ఆయన, నేను అనుకుంటున్నాం. ఆ చీకటి గదుల్లో పిల్లలు ఏం చూశారో మాకు తెలుసు. మా అబ్బాయి ఒప్పుకోడు. పిల్లల వయసు తేల్చడానికి పెద్దవాళ్ళందరి గుర్తింపు వివరాలూ అడుగుతారు, అవి ఏ కంపెనీ దగ్గర ఎన్నాళ్ళు ఉంటాయో ముందు చెప్పమంటాడు. చట్టం రావాలనే మేం ఇప్పటికీ అంటున్నాం. వాడి ప్రశ్నను మాత్రం మా ఎంపీకి రాసే ఉత్తరంలో మొదటి పేరాలోనే పెట్టాను.