తెలిసి కూడా చెప్పకూడని జవాబు

చెన్నై వడపళనిలో నాన్న మందుల షాపులో కూర్చుని రాస్తున్నాను. సెలవు మీద వచ్చి వారమైంది. నిన్న పక్కవీధి అమ్మాయి వచ్చింది. బి.ఫార్మసీ మూడో సంవత్సరం. "అక్కా, నాకూ అమెరికా సంబంధమే చూస్తున్నారు. అక్కడ ఫార్మసిస్ట్‌గా చేయొచ్చు కదా?"

2016లో టెక్సాస్ వెళ్ళేటప్పుడు నేనూ అదే అనుకున్నాను. కానీ మనలాంటివాళ్ళు లైసెన్సు కోసం ముందు ఎఫ్‌పీజీఈఈ అనే పరీక్ష రాయాలి. 2003 జనవరి 1 నుంచి పాసైనవాళ్ళకి ఐదేళ్ళ ఫార్మసీ చదువు ఉంటేనే దానికి అర్హత. మన బి.ఫార్మసీ నాలుగేళ్ళే. ఆ ఒక్క ఏడాది తక్కువైనందుకు ఎన్ని రాత్రులు ఏడ్చానో.

వర్క్ పర్మిట్ వచ్చాక ఫార్మసీ టెక్నీషియన్, అంటే ఫార్మసిస్ట్‌కి సహాయకురాలి పరీక్ష పాసై పనిలో చేరాను. ఇక్కడ నాన్న కత్తెరతో స్ట్రిప్ కత్తిరించి ఇస్తారు, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క మాత్రం చివరిదాకా ఉంచుతారు. అక్కడ మాత్రలు పెద్ద డబ్బాల్లో వస్తాయి. ట్రేలో పోసి, స్పాట్యులాతో ఐదేసి చొప్పున జరుపుతూ లెక్కపెట్టాలి. ఆ పని నాకు నచ్చింది. బాధంతా కౌంటర్ దగ్గరే. ఒకరోజు ఓ పెద్దాయన షుగర్ మందు మెట్‌ఫార్మిన్ సీసా పట్టుకుని, తినకముందు వేసుకోవాలా, తిన్నాకా అని అడిగాడు. చిన్నప్పటి నుంచి ఈ షాపులో నాన్న రోజూ చెప్పే జవాబే. కానీ టెక్నీషియన్ మందుల గురించి సలహా చెప్పకూడదు. "ఫార్మసిస్ట్‌ని పిలుస్తానండీ" అన్నాను. ఆయన కర్ర మీద బరువు మోపుకుని అలాగే నిలబడ్డాడు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

అక్కడి ఫార్మసిస్ట్ డిగ్రీ ఫార్మ్‌డీ చేయాలంటే మళ్ళీ నాలుగేళ్ళు, ఆ ఫీజు మా వల్ల కాదు. కమ్యూనిటీ కాలేజీలో నర్సింగ్ అయితే రెండేళ్ళు, దానికి ముందు కొన్ని సబ్జెక్టులు. అమ్మ ఫోన్‌లోనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాన్న ఒక్కటే అడిగారు: "పేషెంట్‌తో మాట్లాడనిస్తారా?"

"మందు ఎందుకు, ఎలా వేసుకోవాలో చెప్పడం నర్సు పనే నాన్నా."

"అయితే చేరమ్మా."

2023లో నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ రాశాను. అందులో 85 నుంచి 150 ప్రశ్నల దాకా రావచ్చు. నాకు 85 దగ్గరే పరీక్ష ముగిసి స్క్రీన్ ఆగిపోయింది. ఫలితం వచ్చేదాకా ఒకటే టెన్షన్. పాసయ్యాను.

ఆ అమ్మాయికి ఇదంతా చెప్పాను. కాలేజీ ట్రాన్స్‌క్రిప్టులు, అంటే మార్కుల పత్రాలు, ఇక్కడున్నప్పుడే తీసుకోమన్నాను, నా వాటి కోసం నాన్న నాలుగుసార్లు తిరిగారు. ఇవాళ సాయంత్రం వాళ్ళమ్మని తీసుకొస్తానంది. షట్టర్ అరగంట ఆలస్యంగా దించుతానన్నారు నాన్న.