మోసపోయినవాళ్ల ముందు నిలబడాలి

వెన్నుపోటు పొడిచినవాడు గెలిచే టీవీ ఆటలను పిల్లలకు చూపించవచ్చా అని ఇక్కడ అమెరికాలోని తెలుగు తల్లిదండ్రులు తరచూ అడుగుతుంటారు. చూపించవచ్చనే నా అభిప్రాయం. కాకపోతే మధ్యలో ఆపకుండా చివరిదాకా చూపించాలి.

మా అమ్మాయి న్యూజెర్సీలో పుట్టి పెరుగుతోంది. వేసవి సెలవులకు హనుమకొండ వెళ్లినప్పుడు అమ్మమ్మ పక్కన చేరి పాత బిగ్ బాస్ ఎపిసోడ్లు చూస్తుంది. నామినేషన్ల ఘట్టం వచ్చిందంటే మా అమ్మ చేతిలోని గోకరకాయ చేతిలోనే ఉండిపోతుంది. నిన్నటిదాకా ఒకే కంచంలో తిన్నవాళ్లు ఇవాళ ఒకరి పేరు ఒకరు చెబుతుంటే ఆమె తట్టుకోలేదు. "తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నారు" అంటుంది.

"అందరూ తెలిసే వచ్చారు కదా అమ్మమ్మా, అది ఆట."

"ఆటే అయితే మాట ఎందుకిచ్చాడు బిడ్డా?"

ఆపై మేడారం కథ ఎత్తుకుంటుంది. కాకతీయ సైన్యాన్ని ఎదిరించిన సమ్మక్కను ఎదురుగా గెలవలేక వెనుక నుంచి పొడిచారని, ఆమె చిలుకలగుట్ట వైపు వెళ్లి మాయమైందని, అక్కడ కుంకుమ భరిణె దొరికిందని. పొడిచినవాడికి ఎవరైనా బెల్లం మొక్కుతారా అని అడుగుతుంది.

మా అమ్మాయికి ఇష్టమైన అమెరికా టీవీ ఆట సర్వైవర్‌లో, ఆటగాళ్లే ఓటు వేసి ఒకరినొకరు ఇంటికి పంపుకునే ఆ ఆటలో, మా అమ్మ కోరే న్యాయం కొంత ఉంది. 2000లో వచ్చిన తొలి సీజన్‌లో 16 మందిని బోర్నియో దగ్గరి దీవిలో 39 రోజులు ఉంచారు. రిచర్డ్ హాచ్ తనతో కలిపి నలుగురి జట్టు కట్టి మిగతావాళ్లను సాగనంపాడు. చివరి ముగ్గురిలో గెలిచినవాళ్లే ఒకరిని ఇంటికి పంపాల్సిన ఆఖరి పోటీ నుంచి కావాలనే తప్పుకొని, మిత్రుడు రూడీని పంపే భారం ఆ జట్టులోనే ఉన్న కెల్లీ మీద పడేలా చేశాడు. అయితే విజేతను తేల్చింది ఓడి వెళ్లిన ఏడుగురు. చివరికి మిగిలిన ఇద్దరూ, అంటే రిచర్డ్, కెల్లీ, వాళ్ల ప్రశ్నలకు ఎదురుగా కూర్చొని జవాబు చెప్పాలి. ఒకప్పుడు ఆ జట్టులోనే ఉన్న స్యూ హాక్ అతణ్ణి పాముతో, కెల్లీని ఎలుకతో పోల్చి కడిగేసింది. కడిగేసి, ఓటు మాత్రం రిచర్డ్‌కే వేసింది. 4-3తో అతను గెలిచాడు. బిగ్ బాస్ విజేతను ప్రేక్షకుల ఓట్లు నిర్ణయిస్తాయి కాబట్టి మోసపోయిన మనిషి చేతిలో చివరికి ఏమీ మిగలదు. నాకు ఈ తేడా చాలా పెద్దది.

ఈ ఏడాది బడిలో సైన్సు ప్రాజెక్టుకు మా అమ్మాయి ఒక స్నేహితురాలికి మాటిచ్చి, వేరే జట్టులో చేరింది. మానుకోమని నేను అనలేదు. ఇంకొకరి నోట ఆ పిల్ల వినకముందే నువ్వే వెళ్లి చెప్పు, కారణం కూడా చెప్పు, తిడితే అడ్డుపడకుండా విను అన్నాను. వెళ్లి చెప్పింది. ఆ అమ్మాయి చాలానే అన్నదట. రాత్రి అమ్మమ్మకు ఫోను చేసి జరిగిందంతా తనే చెప్పుకుంది. అంతా విని అమ్మ అడిగిన మొదటి మాట, "మరి ఆ పిల్లను ఎవరైనా తమ జట్టులో చేర్చుకున్నారా?"