బ్యాటరీకి కావలసింది నీళ్లు కాదు

పర్లాకిమిడిలో మా బావగారి కారు రైలు గేటు దగ్గర నిలిచినా ఇంజిన్ తనంతట తాను ఆగడం మానేసింది. స్టార్టు బాగానే అవుతోందని ఆయన పట్టించుకోలేదు గానీ, స్టాప్-స్టార్ట్ బండ్లలో (ఆగినప్పుడు ఇంజిన్ తనే ఆగి, కదిలేటప్పుడు తనే స్టార్టయ్యేవాటిలో) బ్యాటరీ ఛార్జి తగ్గిందనడానికి తరచుగా కనిపించే మొదటి గుర్తు అదే. ఇంటికీ బజారుకీ మధ్యనే తిరిగే బండికి, అందులోనూ ఎండాకాలంలో ఏసీ వేసుకుని తిరిగేదానికి, ఖర్చయిన ఛార్జి నిండే వ్యవధి దొరకదు. అలా సగం ఛార్జితోనే ఉండిపోతే లోపలి పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది.

రాత్రంతా బండిని కదపకుండా ఉంచి, ఉదయం మల్టీమీటరు పెడితే 12.3 వోల్టులు చూపింది. ఆ బండిలో ఉన్నది ఏజీఎం బ్యాటరీ, అంటే ఆమ్లాన్ని గాజు నార పొరలు పీల్చి పట్టి ఉంచే సీలు వేసిన రకం. నిండుగా ఉంటే అది 12.8 దగ్గర ఉండాలి. బ్యాటరీ దుకాణదారు మూత తెరిచి డిస్టిల్డ్ వాటర్ పోసి, ఎక్కువ వోల్టేజీ ఎక్కిద్దామన్నాడు. మూతలున్న పాతరకం బ్యాటరీల మాట వేరు. సీలు వేసిన ఏజీఎంను అతిగా ఛార్జి చేస్తే వాల్వుల గుండా పోయిన తేమను మళ్లీ నింపే దారే లేదు. అందుకని ఏజీఎం సెట్టింగున్న ఛార్జరు తెచ్చి, దాని నెగటివ్ క్లిప్పును బ్యాటరీకి కాక బాడీ ఎర్తుకు తగిలించాం, ఎందుకంటే నెగటివ్ టెర్మినల్ దగ్గర బ్యాటరీ ఛార్జిని కొలిచే సెన్సరు ఆ ఛార్జిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మర్నాటికి 12.7 నిలిచింది. మార్చవలసి వచ్చిననాడు చవకగా దొరికిందని మామూలు బ్యాటరీ వేయించవద్దని బావగారికి గట్టిగానే చెప్పాను.