కామిక్ మేళా తర్వాత జరం: రెండు తేదీలు రాసిపెట్టుకోండి

హైదరాబాద్‌లో కామిక్స్ మేళాకు పోయి నల్లగొండకు తిరిగొచ్చాక నన్ను మంచాన పడేసింది ఇన్‌ఫ్లుయెంజా (ఫ్లూ). ముక్కులో పుల్ల పెట్టి నమూనా తీయకముందే డాక్టరమ్మ అడిగిన మొదటి మాట: "గుంపులకు ఎన్నడు పోయిన్రు? ఒళ్లు కాలుడు ఎన్నడు షురువైంది?" ఆ రెండు తేదీల నడుమ ఎడం ఎంతో తెలిస్తే సగం లెక్క తేలిపోతుంది. మేళాకు పోయే ప్రతి అభిమానికీ నేను చెప్పేది ఇదే. టికెట్ మీదో, ఫోన్‌లోనో ఆ తేదీలు రాసిపెట్టుకోండి. జరం వచ్చాక ఏ రోజు ఏం జరిగిందో తలకెక్కదు.

లెక్క ఇట్లా ఉంటుంది. ఫ్లూ అంటుకున్న 1 నుంచి 4 రోజుల్లో బయటపడుతుంది, ఎక్కువమందిలో రెండో రోజుకే. మామూలు పడిశం కూడా దాదాపు అంతే, కానీ అది ముక్కు కారడంతో మెల్లగా మొదలవుతుంది. డెంగీ వైరస్ ఉన్న దోమ కుట్టాక జరం రావడానికి 4 నుంచి 10 రోజులు పడుతుంది. టైఫాయిడ్‌కు ఇంకా ఎక్కువ, వారం రెండు వారాలు. కాబట్టి శని, ఆదివారాలు మేళాలో తిరిగినవాళ్లకు సోమవారమో మంగళవారమో ఒళ్లు కాలితే మొదటి అనుమానం ఫ్లూ మీదే. అదే జరం వచ్చే వారాంతానికి వస్తే డెంగీని వదిలేయకూడదు. వానకాలం వెళ్తూ చలికాలం వచ్చే నెలల్లో మన జిల్లాల్లో ఈ రెండూ ఒకేసారి తిరుగుతుంటాయి.

లక్షణాలను బట్టి ఏదో తేల్చేయొచ్చని అనుకోవద్దు. ఫ్లూ పట్టిన రోజు ఏ గంటకు వణుకు మొదలైందో చెప్పగలిగేంత గట్టిగా వస్తుంది. నాకు నడుము, పిక్కలు లాగేశాయి. కళ్లు పక్కకు తిప్పితే గుడ్ల వెనక నొప్పి. కానీ ఆ కళ్ల వెనక నొప్పి డెంగీలోనూ ఉంటుంది. అందుకే డాక్టరమ్మ ఫ్లూ అని అనుకుంటూనే సీబీపీ (రక్తకణాల లెక్క), డెంగీ ఎన్ఎస్1 (రక్తంలో డెంగీ వైరస్ ప్రొటీన్‌ను పట్టే పరీక్ష) రెండూ రాసింది. ఎన్ఎస్1 పరీక్ష జరం మొదలైన తొలి ఐదు రోజుల్లో బాగా పనిచేస్తుంది. ఆ తర్వాత ఐజీఎం, అంటే వైరస్ మీద ఒంట్లో తయారైన యాంటీబాడీ, చూడాలి. మొదటి రోజు ప్లేట్‌లెట్లు లక్షన్నరకు పైనే ఉన్నాయని డెంగీ లేదని చెప్పలేం, అవి పడిపోయేది మూడు, నాలుగు రోజులు దాటాకే.

డెంగీ కాదని తేలేదాకా ఒక నియమం గట్టిగా పాటించాలి: పారాసెటమాల్ తప్ప ఇంకో నొప్పి గోలీ వద్దు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ రక్తస్రావం ముప్పును పెంచుతాయి. ఊళ్లల్లో ఆర్ఎంపీ దగ్గరికి పోతే "ఒక సూది వేయండి, రేపు డ్యూటీకి పోవాలె" అని మనమే అడుగుతాం. ఆ సూదిలో చాలాసార్లు ఉండేది డైక్లోఫెనాక్. కొన్నిసార్లు దాంతోపాటు స్టెరాయిడ్ కూడా. చెమటలు పట్టి జరం దిగుతుంది, మనిషి లేచి కూర్చుంటాడు, కానీ జబ్బు ఏ దశలో ఉందో దాగిపోతుంది. సూదిలో ఏముందో అడిగి పేరు రాయించుకోవడం తప్పేమీ కాదు.

మేళాల తర్వాత వచ్చే ఈ జబ్బును అమెరికా అభిమానులు ఏనాటి నుంచో కాన్ క్రడ్ (కాన్ అంటే కన్వెన్షన్, మేళా) అంటున్నారు. 2009లో సియాటెల్‌లో పాక్స్ అనే గేమింగ్ మేళా జరిగాక పాల్గొన్నవాళ్లలో స్వైన్ ఫ్లూ కేసులు బయటపడ్డాయి. దానికి ఎదురు ఉదాహరణ 2021 నవంబరులో న్యూయార్క్‌లో జరిగిన అనిమే (జపాన్ యానిమేషన్) మేళా. అక్కడికి దాదాపు 53 వేల మంది వచ్చారు, వాళ్లలో కొవిడ్ రకం ఒమిక్రాన్ సోకిన మనిషీ ఉన్నాడు. దేశమంతా కంగారు పడింది. ఆరోగ్య శాఖ వాళ్లు ఆరా తీస్తే మేళాలో అది పెద్దగా పాకలేదని తేలింది. మాస్కు తప్పనిసరి, కనీసం ఒక డోసు టీకా ఉండాలి, హాలులో గాలిని వడగట్టే ఫిల్టర్లు నడుస్తున్నాయి. నాకు ఈ ఉదాహరణ మీద చాలా నమ్మకం, ఎందుకంటే జనాన్ని తగ్గించకుండానే జబ్బును ఆపొచ్చని అది చూపించింది.

మేళాలో అంటుకునే దారులు మన తిరుగుడులోనే ఉన్నాయి. చిత్రకారుడి బల్ల ముందు మూరెడు దూరంలో నిలబడి, హాలులో పాటల హోరు మీదుగా గొంతు పెంచి మాట్లాడతాం. గట్టిగా మాట్లాడే కొద్దీ నోట్లోంచి తుంపరలు ఎక్కువ వస్తాయి. ఫొటో కోసం తలలు ఆనిస్తాం. కామిక్ పాత్రల వేషం (కాస్‌ప్లే) కోసం ఫోమ్‌తో కవచం, హెల్మెట్ చేసుకుని వస్తాం కదా, ఇంకొకరి హెల్మెట్ అడిగి పెట్టుకుంటాం, అది అన్నింటికన్నా చెడ్డ అలవాటు. లోపలి స్పాంజి అప్పటికే తడిగా ఉంటుంది. ఫోమ్ హెల్మెట్ మాస్కు పని చేయదు, గడ్డం కింద, కళ్ల దగ్గర గాలి బాహాటంగా ఆడుతుంది. దాని కింద ఎన్95 పెట్టుకోవాలంటే హెల్మెట్ చేసేటప్పుడే గడ్డం దగ్గర రెండు వేళ్ల ఖాళీ వదలాలి. ఇక రాకపోకలు: హైటెక్ సిటీ నుంచి అమీర్‌పేటలో మారి ఎల్‌బీ నగర్ దాకా మెట్రో, అక్కడి నుంచి చౌటుప్పల్, నార్కట్‌పల్లి మీదుగా అద్దాలు మూసిన బస్సు. జబ్బు హాలులో అంటిందా, బస్సులో అంటిందా ఎవరూ చెప్పలేరు. అందుకే మాస్కు ఇల్లు చేరేదాకా మూతి మీదే ఉండాలి.

మేళా నుంచి వచ్చిన రాత్రే తల పగిలిపోతుంటే అది ఫ్లూ కాకపోవచ్చు. వేషానికి వాడే ఎవా ఫోమ్ (స్పాంజి లాంటి తేలికైన షీటు) కవచంలోంచి గాలి ఆడదు, చెమట ఆరదు. పైగా కవచం విప్పడం కష్టమని, మూత్రానికి పోవాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేస్తారు. ఒళ్లెండిన తలనొప్పి నీళ్లు తాగి నిద్రపోతే పొద్దుటికి చాలావరకు తగ్గుతుంది, థర్మామీటర్‌లో 100 దాటదు. గొంతు పోవడమూ అంతే, అరిచి అరిచి స్వరతంత్రులు వాచిపోతాయి. అట్లాంటప్పుడు గుసగుసగా మాట్లాడటం ఇంకా చెరుపు, అసలు మాట్లాడకపోవడమే మందు. వీటికి జరం తోడైతేనే వైరస్ మాట.

జరం చూసే పద్ధతి కూడా చెప్పాలి. చంకలో పెట్టిన థర్మామీటర్ నోట్లో పెట్టినదాని కన్నా దాదాపు ఒక డిగ్రీ తక్కువ చూపిస్తుంది. ఎక్కడ పెట్టారో రాసుకుని, ప్రతిసారీ అక్కడే పెట్టాలి. చల్లనివో వేడివో తాగితే పావుగంట ఆగాలి. ఒళ్లు తుడవాలంటే గోరువెచ్చని నీళ్లే. ఐసు నీళ్లతో తుడిస్తే వణుకు పుట్టి లోపలి వేడి ఇంకా పెరుగుతుంది.

గోలీల లెక్క దగ్గర చాలామందికి తెలియకుండానే మోతాదు మించిపోతుంది. పారాసెటమాల్ 650 గోలీ ఆరు గంటలకు ఒకటి చొప్పున వేస్తే రోజుకు 2,600 మిల్లీగ్రాములు. పడిశానికని మెడికల్ షాపులో ఇచ్చే కలగలుపు గోలీల్లో చాలావాటిలో 500 మిల్లీగ్రాముల పారాసెటమాల్ ఉంటుంది. అది మూడు పూటలా వేస్తే ఇంకో 1,500. మొత్తం 4,100. పెద్దవాళ్లకు 24 గంటల్లో 4,000 దాటకూడదు, కాలేయం బాగాలేనివాళ్లకూ మద్యం అలవాటున్నవాళ్లకూ హద్దు ఇంకా తక్కువ. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాలు చదవండి. కళ్లు నొప్పిగా ఉంటే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదవండి, నేను చేసింది అదే.

ఫ్లూకు అసలు మందు ఒసెల్టమివిర్. పెద్దవాళ్లకు మామూలు మోతాదు 75 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, ఐదు రోజులు, డాక్టర్ చీటీ మీదే. మూత్రపిండాల జబ్బు ఉంటే మోతాదు తగ్గిస్తారు. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితే మేలు ఎక్కువ. ఇక్కడే మళ్లీ తేదీ, గంట పనికొస్తాయి. అందరికీ ఇది అవసరం పడదు. గర్భిణులు, 65 దాటినవాళ్లు, ఉబ్బసం, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఆలస్యం చేయకుండా అడగాలి. వికారం దీని సాధారణ దుష్ప్రభావం, తిన్నాక వేసుకుంటే తగ్గుతుంది. యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు, తెమడ పచ్చగా వచ్చినంత మాత్రాన అది బాక్టీరియా అని కాదు.

తిండి మీద మనసు పోదు. బలవంతంగా అన్నం కుక్కే బదులు ద్రవాలు లోపలికి పోయేటట్టు చూడాలి. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ అయితే పూర్తిగా ఒక లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసులో సగం ప్యాకెట్ కలిపితే ఉప్పు, చక్కెర పాళ్లు తప్పుతాయి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా టీ చెంచా, పైకి పోగు లేకుండా. మన జిల్లాలో బత్తాయికి కొదవ లేదు, రసంలో చక్కెర వేయకుండా ఇస్తే నోటికి రుచి పుట్టిస్తుంది, షుగర్ ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడిగి తాగాలి. రాగి జావ, పల్చటి పెసరపప్పు కట్టు, చారన్నం నాకు కడుపులో నిలిచాయి. మూత్రం లేత పసుపు రంగులో వస్తుంటే నీళ్లు సరిపోతున్నట్టు. చిక్కబడినా, ఆరేడు గంటలు రాకపోయినా తాగేది పెంచాలి.

ఫ్లూ వచ్చినవాళ్లు లక్షణాలకు ఒక రోజు ముందు నుంచి, మొదలయ్యాక ఐదు నుంచి ఏడు రోజుల వరకు ఇతరులకు అంటించగలరు. ఇంట్లో నాయనమ్మ, చిన్నపిల్లలు ఉంటే గది వేరు, కిటికీ తెరిచి, లోపలికి వచ్చేవాళ్లకూ మనకూ మాస్కు. గట్టి నున్నటి వస్తువుల మీద ఈ వైరస్ ఒకటి రెండు రోజులు ఉండగలదు. తలుపు గడియ, ఫోన్, రిమోట్, మేళాలో వేషం కోసం పట్టుకున్న ఉత్తుత్తి కత్తులు తుడవాలి. తెచ్చిన పుస్తకాలను తుడిచి పాడు చేసుకోవద్దు. చేతులు కడుక్కుని పట్టుకుంటే చాలు.

కవచాన్ని జరంలోనూ నిర్లక్ష్యం చేయలేం. తడిగా సంచిలో కుక్కి పెడితే రెండు మూడు రోజులకే బూజు వాసన వస్తుంది. ఇంట్లో ఎవరితోనైనా మాస్కు పెట్టుకుని బయటికి తీయించండి. లోపలి స్పాంజి ఊడివచ్చేదైతే సబ్బు నీళ్లలో ఉతకాలి. అతికించినదైతే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ లోపలి వైపు మాత్రమే కొట్టాలి. అది రంగు వేసిన వైపు పడితే అక్రిలిక్ రంగు కరిగి మరకలు కడుతుంది. ఆరబెట్టేది నీడలో, ఫ్యాన్ కింద. మన రేకుల ఇండ్ల మీద, మిద్దె ఎండలో పెడితే గమ్ము మెత్తబడి అతుకులు విచ్చుకుంటాయి, ఫోమ్ వంకర పోతుంది. విగ్గు చల్లటి నీళ్లలో షాంపూతో ఉతికి తట్టి ఆరబెట్టాలి. రంగు లెన్సులు వాడినవాళ్లకు కన్ను ఎర్రబడి నొప్పి పుడితే, వెలుతురు చూడలేకపోతే, దాన్ని జరం ఖాతాలో వేయకుండా అదే రోజు కంటి డాక్టర్‌కు చూపించాలి.

జరం దిగిన రోజును చాలామంది నయమైన రోజు అనుకుంటారు. ఫ్లూలో జరం మూడు నాలుగు రోజుల్లో దిగినా దగ్గు, సుస్తీ రెండు మూడు వారాలు ఉండొచ్చు. మెట్లెక్కితే కాళ్లు వణకడం, మధ్యాహ్నానికే నిద్ర ముంచుకురావడం నాకూ ఉండింది. మందు వేయకుండా 24 గంటలు జరం లేకపోతేనే బయటికి పోవాలి, ఆ తర్వాత కొన్ని రోజులు మాస్కుతోనే. మేళా ముగిసిన దిగులు ఒకవైపు, ఒంట్లో నీరసం ఒకవైపు కలిసి మనసు కుంగుతుంది. అది జబ్బులో భాగమేనని ఇంట్లోవాళ్లు తెలుసుకుంటే "ఆ బొమ్మల పుస్తకాల కోసమే కదా" అన్న మాట రాదు.

తగ్గి మళ్లీ జరం రావడం మంచి సూచన కాదు, న్యుమోనియా కావచ్చు. పడుకున్నా ఆయాసం, నిమిషానికి 30 దాటిన ఊపిరి, ఆక్సిజన్ 94 కన్నా తక్కువ, ఛాతీ నొప్పి, మాట తడబాటు ఉంటే ఆ రాత్రే దవాఖానకు పోవాలి. డెంగీలో అయితే ప్రమాదం జరం మొదలైన మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, జరం దిగే సమయంలోనే. కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనబడితే ప్లేట్‌లెట్ల రిపోర్టు కోసం ఆగొద్దు.

వచ్చే మేళాకు ఫ్లూ టీకా కనీసం రెండు వారాల ముందు వేయించుకోవాలి, రక్షణ తయారవడానికి అంత టైం పడుతుంది. ఏటా వేయాలి, వైరస్ మారుతుంది కాబట్టి. కొత్త కవచం పని మాత్రం దగ్గు పూర్తిగా పోయేదాకా మొదలుపెట్టొద్దు. ఫోమ్ అతికించే రబ్బరు గమ్ము ఆవిరి, హీట్ గన్ కింద కాలే ఫోమ్ పొగ మానుతున్న గొంతును మళ్లీ రేపుతాయి. కాగితం మీద కొలతలు తీసి, ముక్కలు కత్తిరించి పెట్టుకోవచ్చు. అతుకుడు పని తర్వాత, కిటికీలు తెరిచి, ఆవిరిని ఆపే బొగ్గు ఫిల్టరు ఉన్న మాస్కు పెట్టుకుని.