సీల్ టీమ్ చిక్కిపోయింది, జాగ్ బతికిపోయింది

గుంటూరు బ్రాడీపేటలో టీ చల్లారేదాకా సాగే వాదన ఒకటే: అమెరికన్ మిలిటరీ సీరియల్‌కి తర్వాతి సీజన్ ఇస్తారా, లేదా? రేటింగ్ ఒక్కటే చూసేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. ముందు చూడాల్సింది సీరియల్ ఎవరి సొంతమని. ఛానల్ సొంత స్టూడియోదైతే ఓటీటీ, విదేశీ హక్కుల డబ్బు ఇంట్లోకే వస్తుంది, కాబట్టి తక్కువ రేటింగైనా కొన్నాళ్లు భరిస్తారు. నేవీ కమాండోల సీరియల్ సీల్ టీమ్‌నే చూడండి: 2021లో ఐదో సీజన్‌వి 4 ఎపిసోడ్లు సీబీఎస్ ఛానల్లో వేసి, అదే కంపెనీ ఓటీటీ పారామౌంట్ ప్లస్‌కి మార్చారు. మొదటి సీజన్‌లో 22 ఎపిసోడ్లు, చివరి రెండింటిలో పదేసి! నేవీ లాయర్ల సీరియల్ జాగ్ సంగతి మరీ విచిత్రం: 1996లో ఎన్‌బీసీ ఛానల్ వదిలేస్తే, 1997 జనవరి నుంచి సీబీఎస్ ఎత్తుకుని 2005 దాకా నడిపింది.

టైమింగ్ అంటారా, న్యూయార్క్‌లో బుధవారం రాత్రి 9 అంటే మనకి గురువారం పొద్దున 6:30. నవంబరులో వాళ్లు గడియారం వెనక్కి తిప్పాక 7:30. అక్కడ శుక్రవారం రాత్రి టీవీ చూసేవాళ్లు తక్కువ, అందుకే సీరియల్‌ని ఆ రోజుకి మార్చారంటే మాత్రం నాకు గుబులే.