పాత రైడింగ్ మోవర్: ఇంజన్ విప్పే ముందు చూడాల్సినవి

మన దగ్గర కూర్చొని నడిపే గడ్డి మిషన్లు ఇళ్లల్లో కనబడవు. కాలేజీ గ్రౌండ్లు, ఫంక్షన్ హాళ్ల లాన్లు, ఫామ్‌హౌస్‌లు, హన్మకొండ, కాజీపేట వైపు పెద్ద క్యాంపస్‌లు, అంతే. కాబట్టి ఇది మొరాయిస్తే బైకులు చూసే మెకానిక్‌నో ట్రాక్టర్ మెకానిక్‌నో పిలుస్తారు. వాళ్ల చెయ్యి మంచిదే, కానీ ఈ బండి స్వభావం వేరు. పొగ కనబడగానే "బోర్ పోయింది, రింగులు మార్చాలె" అనే మాట వస్తుంది. అసలు లోపం చాలాసార్లు అంత లోతుగా ఉండదు.

ఈ బండ్లు పనిచేసి పాడయ్యేది తక్కువ, ఊరికే నిలబడి పాడయ్యేది ఎక్కువ. వీటి మాన్యువల్స్ చలిదేశాల కోసం రాసినవి, అందుకే చలికాలంలో దాచిపెట్టడం గురించే చెబుతాయి. మన లెక్క వేరు. సంక్రాంతి దాటాక గరిక ఎదగడం తగ్గుతుంది, బండి రేకుల షెడ్డులోకి పోతుంది. మళ్లీ మృగశిర వానలకు గడ్డి లేచాకే సెల్ఫ్ కొడతారు. ఈ మధ్యలో ఎండాకాలం మొత్తం ట్యాంకులో పెట్రోలు, బ్యాటరీ, ఎలుకలు, మూడూ తమ పని తాము చేసుకుపోతాయి.

కింది కొలతలు బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ సింగిల్ సిలిండర్ ఓహెచ్‌వీ (వాల్వులు పైన హెడ్‌లో ఉండే రకం) ఇంజన్లవి, అందులోనూ మోడల్ నంబరు 31తో మొదలయ్యేవాటివి. ఆ మొదటి రెండు అంకెలు క్యూబిక్ అంగుళాల్లో సామర్థ్యం, అంటే సుమారు 500 సీసీ. ఇంకో ఇంజన్ అయితే పద్ధతి ఇదే, అంకెలు మాత్రం దాని మాన్యువల్ నుంచే తీసుకోవాలి.

ముందు పెట్రోలు సంగతి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఈ ఇంజన్ల మాన్యువల్ ఒప్పుకునేది 10 శాతం వరకే. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. నీరు ఎక్కువైతే రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి, కార్బొరేటర్‌కు ముందు అందేది అదే. పాత రబ్బరు పైపులు ఉబ్బి మెత్తబడి లోపలి పొర పొట్టులా రాలుతుంది. ఎండకు పెట్రోలులో తేలిక భాగం ఆవిరైపోయి, మిగిలింది జెట్లలో జిగురులా గడ్డకడుతుంది. కాబట్టి నెలల తరబడి నిలిచిన పెట్రోలుతో సెల్ఫ్ కొట్టొద్దు. మొత్తం తీసేసి, పాత పైపులు పారేసి, ఇథనాల్ తట్టుకునే రకం 6 మి.మీ. పైపు, కొత్త ఫిల్టరు, కొత్త క్లిప్పులు వెయ్యాలి. ఫిల్టరు మీద బాణం గుర్తు ఉంటే అది కార్బొరేటర్ వైపు చూడాలి.

కార్బొరేటర్ గిన్నె కింద తీగ వచ్చే గుండ్రటి ముక్క ఒకటి ఉంటుంది. అది పెట్రోలు ఆపే సోలెనాయిడ్. తాళం తిప్పగానే "టిక్" మని చప్పుడు చెయ్యాలి. చప్పుడు లేకపోతే ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది కానీ అంటుకోదు. ముందు దాని తీగకు 12 వోల్టులు వస్తున్నాయా చూడండి. వస్తున్నా కదలకపోతే విప్పి దాని సూదిని కార్బొరేటర్ క్లీనర్‌తో కడగాలి. జెట్లను గుండుసూదితో పొడవొద్దు. రంధ్రం వెంట్రుకంత పెద్దదైనా మిశ్రమం మారిపోతుంది. మెత్తని కరెంటు తీగలోంచి ఒక రాగి పోగు తీసి అది వాడండి.

ఇంజన్ లోడు లేనప్పుడు పెరుగుతూ తగ్గుతూ ఊగుతుంటే చాలామంది గవర్నర్ (ఇంజన్ వేగాన్ని హద్దులో ఉంచే భాగం) స్ప్రింగును వంచుతారు. దాన్ని ముట్టుకోవద్దు. ఆ లక్షణానికి కారణం ఎక్కువగా చిన్న జెట్ మూసుకుపోవడం, లేదా కార్బొరేటర్‌కు, ఇంజన్‌కు మధ్య ప్యాకింగ్ నుంచి గాలి లాగడం. నడుస్తున్నప్పుడు ఆ అతుకు మీద కొద్దిగా కార్బొరేటర్ క్లీనర్ కొట్టి చూడండి, సైలెన్సర్ వైపు తగలకుండా. శబ్దం మారితే గాలి అక్కడినుంచే లోపలికి పోతున్నట్టు. గవర్నర్‌ను వంచితే ఇంజన్ 3600 ఆర్‌పీఎం దాటుతుంది, దాంతోపాటు బ్లేడు వేగమూ హద్దు దాటుతుంది.

ఇంకో ప్రమాదం చడీచప్పుడు లేకుండా జరుగుతుంది. ఫ్లోట్ సూది (కార్బొరేటర్ గిన్నె నిండగానే పెట్రోలు ఆపేది) సరిగ్గా మూసుకోకపోతే, బండి నిలబడి ఉన్నప్పుడే పెట్రోలు ట్యాంకులోంచి కార్బొరేటర్ గుండా సిలిండర్‌లోకి, అక్కడినుంచి ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ తీసి చూడండి. మట్టం గీత కంటే పైకి వచ్చి, వాసన పెట్రోలుదైతే ఇంజన్ అస్సలు తిప్పొద్దు. పలచబడ్డ ఆయిల్‌తో నడిపితే కనెక్టింగ్ రాడ్ అరిగి పట్టేస్తుంది. ఆయిల్ మార్చి, సూదీ సీటూ మార్చి, పైపు మధ్యలో ఒక పెట్రోలు కాక్ బిగించండి. కోత అయ్యాక కట్టేస్తే ఈ సమస్య మళ్లీ రాదు.

సెల్ఫ్ దగ్గరికి వద్దాం. బాగా వినబడే ఫిర్యాదు ఇది: తాళం తిప్పితే ఇంజన్ అర చుట్టు తిరిగి గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోతుంది. బ్యాటరీ మారుస్తారు, తర్వాత సెల్ఫ్ మోటారు మారుస్తారు, అయినా అదే. కారణం ట్యాపెట్ గ్యాపు, అంటే వాల్వ్‌కు, దాన్ని నొక్కే భాగానికి మధ్య సందు. ఈ ఇంజన్ల క్యామ్ (వాల్వులను తెరిచే ఇరుసు) మీద ఒక చిన్న ఎత్తు ఉంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు అది వాల్వ్‌ను కొద్దిగా ఎత్తి కంప్రెషన్ తగ్గిస్తుంది. గ్యాపు ఎక్కువైతే ఆ చిన్న ఎత్తు వాల్వ్‌ను తాకనే తాకదు, పూర్తి కంప్రెషన్‌ను మోటారు దాటలేదు. ఖర్చు లేని పని, ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకులు) ఒక్కటి ఉంటే చాలు.

ఇంజన్ పూర్తిగా చల్లబడ్డాక ప్లగ్గు తీసి, వాల్వ్ కవరు విప్పండి. ప్లగ్గు రంధ్రంలో ఒక సన్నని పుల్ల నిలబెట్టి, ఫ్లైవీల్‌ను అది తిరిగే దిక్కుకే చేత్తో తిప్పండి. రెండు వాల్వులూ మూసుకొని పిస్టన్ పూర్తిగా పైకి వచ్చాక, ఇంకొంచెం తిప్పి పిస్టన్ 6 మి.మీ. కిందికి దిగేలా చెయ్యాలి. ఇది తప్పనిసరి. సరిగ్గా పైన ఉన్నప్పుడు ఆ చిన్న ఎత్తు ప్రభావంలోనే ఉండి గేజ్ తప్పు చూపిస్తుంది. ఇప్పుడు కార్బొరేటర్ వైపు వాల్వ్‌కు 0.08 నుంచి 0.13 మి.మీ., సైలెన్సర్ వైపు దానికి 0.13 నుంచి 0.18 మి.మీ. ఉంచండి. గేజ్ పట్టు తగులుతూ జారాలి. లాక్ బిగించాక మళ్లీ కొలవండి, బిగింపులో గ్యాపు కదులుతుంది. పనిలో పనిగా పుష్‌రాడ్లు (క్యామ్ కదలికను పైన వాల్వులకు అందించే కడ్డీలు) తీసి అద్దం మీద దొర్లించండి. వంగినది అక్కడే తెలిసిపోతుంది.

ఇక పొగ. నీలం పొగ, ఆయిల్ తగ్గడం, బ్రీదర్ పైపు (ఇంజన్ లోపలి గాలి బయటికి వచ్చే పైపు) నుంచి ఆయిల్ ఉమ్మడం, ఈ మూడూ కలిస్తే ఈ 31 సిరీస్‌లో ముందు అనుమానించాల్సింది హెడ్ గ్యాస్‌కెట్‌ను. సిలిండర్‌కు, పుష్‌రాడ్లు పోయే గదికి మధ్య గ్యాస్‌కెట్ సన్నగా ఉంటుంది. అక్కడ కాలిందంటే కంప్రెషన్ క్రాంక్‌కేసులోకి (కింద ఆయిల్ ఉండే గదిలోకి) పోయి ఆయిల్‌ను బయటికి తోస్తుంది. గ్యాస్‌కెట్ బయటికి కాదు లోపలికి లీకవుతుంది కాబట్టి పైనుంచి చూస్తే ఏమీ కనబడదు. హెడ్ విప్పితే నల్లగా కాలిన జాడ స్పష్టంగా దొరుకుతుంది. హెడ్‌ను గాజు పలక మీద ఎమ్రీ కాగితం పరిచి రుద్ది చదును చేసి, కొత్త గ్యాస్‌కెట్ వేసి, బోల్టులను ఎదురెదురుగా మూడు విడతల్లో టార్క్ రించుతో బిగించండి. రీబోర్ మాట ఆ తర్వాతే.

గ్యాస్‌కెట్ కాలడానికి మూలం వేడి. పైన ఉండే రేకు కవరు విప్పి చూస్తే ఫిన్నుల మధ్య గడ్డి పొట్టు, ఎర్రమట్టి, ఒక్కోసారి ఎలుక గూడు దొరుకుతాయి. ఇంజన్ గాలికే చల్లబడేది, దారి మూసుకుపోతే ఇంకేం చల్లబడుతుంది? ఏడాదికి రెండుసార్లు ఆ కవరు విప్పి శుభ్రం చెయ్యండి. బతుకమ్మ ముందు గ్రౌండ్లన్నీ వరుసబెట్టి కోసే రోజులుంటాయి కదా, ఆ కోతలు మొదలయ్యే ముందు ఒకసారి తప్పకుండా.

ఆయిల్ ఎస్ఏఈ 30, సుమారు 1.4 లీటర్లు, 50 గంటలకొకసారి. 10డబ్ల్యూ-30 పోస్తే మన ఎండల్లో ఆయిల్ ఎక్కువ తాగుతుంది, ఆ మాట మాన్యువల్‌లోనే ఉంది. ఎయిర్ ఫిల్టరులో పైన ఉండే స్పాంజిని సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టొచ్చు. లోపలి కాగితం ఫిల్టరును మాత్రం పంక్చర్ షాపు గాలితో కొట్టొద్దు, కంటికి కనబడని చీలికలు పడి దుమ్ము నేరుగా సిలిండర్‌లోకి పోతుంది. మెల్లగా తట్టండి, పోకపోతే మార్చండి. ప్లగ్గు గ్యాపు 0.76 మి.మీ. స్పార్క్ లేకపోతే ముందు ఇగ్నిషన్ కాయిల్‌కు పోయే నల్లటి ఆపు తీగ తీసి చూడండి. అప్పుడు స్పార్క్ వస్తే కాయిల్ బాగుంది, లోపం తాళంలోనో స్విచ్చుల్లోనో ఉంది. కాయిల్ తీసి బిగిస్తే ఫ్లైవీల్‌కు దూరం 0.25 నుంచి 0.36 మి.మీ. ఉండాలి.

బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 వోల్టులు చూపిస్తుంది, 12.2 అంటే సగమే. ఇంజన్ పూర్తి వేగంలో ఉన్నప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. రాకపోతే రెగ్యులేటరు (బ్యాటరీ ఛార్జింగును అదుపు చేసేది) మార్చే ముందు దాని అడుగున ఛాసిస్‌కు తగిలే చోట తుప్పు గీకండి. ఎర్త్ తీగ చివర్లు కూడా అంతే. వీటిలో సగం కరెంటు సమస్యలు తుప్పు సమస్యలే. కొత్త బ్యాటరీ కొనేటప్పుడు ట్రే పొడవు, వెడల్పుతోపాటు ఎత్తు కూడా కొలుచుకొని పోండి. చిన్న కారు బ్యాటరీ పొడవుకు సరిపోయినా ఎత్తు ఎక్కువై, సీటు దిగినప్పుడు టెర్మినళ్లు ఇనుముకు తగిలే ప్రమాదం ఉంది.

సీటు కింద స్విచ్చు పాడైందని రెండు తీగలూ కలిపేసి నడపడం మన దగ్గర మామూలైపోయింది. దయచేసి చెయ్యకండి. మనిషి సీటు మీదినుంచి జారితే బ్లేడును ఆపేది ఆ స్విచ్చు ఒక్కటే. అది చాలా చిన్న భాగం. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి చూడండి, కాకపోతే కొత్తది తెప్పించండి.

డెక్ (బ్లేడ్లను కప్పే ఇనుప గిన్నె) కింద చెయ్యి పెట్టే ముందు ప్లగ్గు తీగ ఊడదీసి దూరంగా కట్టాలి. బండిని పక్కకు వంచాల్సి వస్తే కార్బొరేటర్ వైపు పైకి ఉండాలి, లేకపోతే ఎయిర్ ఫిల్టరు ఆయిల్‌తో తడుస్తుంది. బ్లేడు అంచును 30 డిగ్రీల వాలులో సాన పెట్టండి. గడ్డం గీసే బ్లేడంత పదును అక్కర్లేదు, అంచు అర మిల్లీమీటరు మందం మిగలాలి. గ్రైండర్ కింద ఇనుము నీలంగా మారితే అక్కడి గట్టిదనం పోయినట్టే, కాబట్టి ఆగి ఆగి చెయ్యండి. తర్వాత మధ్య రంధ్రాన్ని గోడ మేకుకు తగిలించి చూడండి. ఒకవైపు వాలితే ఆ వైపు వెనక భాగంలో రాపండి. ఇసుక కలిసిన చెల్క నేలలో బ్లేడు చివర పైకి వంగిన రెక్క లోపలినుంచి అరిగి రేకులా పలచబడుతుంది. అలా అయ్యాక అది విరిగి ఎగిరే వస్తువు, సానకు పనికిరాదు. పాత కమాన్ పట్టీతో బ్లేడు చేయించడం కూడా ఇలాంటిదే. ఆ ఉక్కు రాయికి తగిలితే వంగదు, పగులుతుంది.

బ్లేడు పట్టి పైకీ కిందికీ ఊపితే ఆట కనబడితే స్పిండిల్ (బ్లేడు తిరిగే ఇరుసు) బేరింగులు పోయాయి. చాలా డెక్‌లలో ఉండేవి 6203 (17×40×12 మి.మీ.), రెండు వైపులా రబ్బరు సీలు ఉన్నవి అడగండి. విప్పి దాని మీది నంబరు చూసుకున్నాకే కొనండి. డెక్‌కు వెల్డింగ్ పెడితే బ్యాటరీ తీగలు తీసేసి, ఎర్త్ క్లాంపును వెల్డింగ్ చేసే చోటి పక్కనే తగిలించాలి. దూరంగా పెడితే కరెంటు బేరింగుల గుండా పోయి వాటి గోళీలను కాల్చేస్తుంది.

బెల్టు విషయంలో తికమక ఎక్కువ. మోవర్ బెల్టు మీద 4ఎల్ 950 అని ఉంటే బయటి చుట్టుకొలత 95 అంగుళాలు. మన షాపుల్లో ఎ-సెక్షన్ బెల్టు నంబరు లోపలి చుట్టుకొలత, కాబట్టి దాదాపు ఎ-93 అడగాలి. వెడల్పు సరిపోతుంది కానీ మామూలు బెల్టులో ఉండేది పాలిస్టర్ తాడు. లివరుతో బిగించి వదిలే చోట, వీపు మీద ఐడ్లర్ (బెల్టును బిగువుగా ఉంచే పుల్లీ) నడిచే చోట అది త్వరగా సాగుతుంది. వానాకాలం మధ్యలో పని ఆగకుండా వేసుకోవచ్చు, ఈలోగా అరామిడ్ తాడు ఉన్నది తెప్పించుకోండి. కొత్త బెల్టు వెంటనే కాలిందంటే ఐడ్లర్ పుల్లీ పట్టేసిందేమో చేత్తో తిప్పి చూడండి.

టైర్లలో గాలి ముందు 14, వెనక 10 పీఎస్ఐ. పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు ఉన్న గ్రౌండులో ట్యూబ్‌లెస్ టైరులో సీలెంట్ పోయడం మేలు. డెక్ మట్టం చూసేది గాలి సరిచేశాకే: ఎడమ, కుడి బ్లేడు చివర్ల తేడా 3 మి.మీ. దాటొద్దు, ముందు భాగం వెనకకంటే 3 నుంచి 10 మి.మీ. కిందికి ఉండాలి.

సంక్రాంతి తర్వాత బండిని పక్కన పెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ దానంతట అది ఆగేదాకా నడిపి, గిన్నె అడుగు బోల్టు విప్పి మిగిలిన చుక్కలు కూడా కార్చండి. ఆయిల్ అప్పుడే మార్చాలి, పాత ఆయిల్‌లోని ఆమ్లం బేరింగుల మీద నెలల తరబడి కూర్చోకుండా. ప్లగ్గు రంధ్రంలో రెండు చెంచాల ఆయిల్ పోసి నాలుగు చుట్లు చేత్తో తిప్పి ప్లగ్గు బిగించండి. బ్యాటరీ విప్పి నీడలో పెట్టి నెలకొకసారి ఛార్జ్ చెయ్యండి. సైలెన్సర్ మూతికి, ఎయిర్ ఫిల్టరు దారికి సన్న జాలీ కట్టండి. మళ్లీ స్టార్ట్ చేసే ముందు ఆ జాలీలు తీయాలని తాళానికి ఒక చీటీ కట్టండి.

స్పేర్లు తెప్పించేటప్పుడు ఇంజన్ రేకు మీద పొడిచి ఉన్న మోడల్, టైప్, కోడ్ మూడు నంబర్లూ ఫోటో తీసి పంపండి. కోడ్‌లో మొదటి రెండు అంకెలు తయారైన సంవత్సరం. ఒకే మోడల్‌లో టైప్ మారితే కార్బొరేటర్ కూడా మారుతుంది, అందుకే మోడల్ నంబరు ఒక్కటే చెబితే తప్పు భాగం వచ్చే అవకాశం ఉంది.