యలహంకలో జనరేటర్ పక్కన

బెంగళూరు యలహంకలో మా అపార్ట్‌మెంట్ జనరేటర్ పక్కన నిలబడి కాఫీ తాగుతున్నా, గ్లాసులో కాఫీ మీద చిన్న చిన్న రింగులు లేస్తున్నాయ్. పొద్దున్న ఆరింటికి పోయిన కరెంటు పదకొండైనా రాలేదు. మాది 250 కేవీఏ సెట్టు, అంటే దాదాపు 200 కిలోవాట్ల కరెంటు ఇచ్చేది, గంటకి 30 లీటర్ల పైనే డీజిల్ తాగుతుందంట, ఈ నెల మెయింటెనెన్స్ బిల్లు తలుచుకుంటే కాఫీ కూడా చేదైపోయింది.

పక్కన హిందూపురం అంకుల్ నవ్వారు. "ఇదేం సౌండు నాయనా, మన యలహంకలోనే ఇలాంటివాటి తాతలు ఆరు ఉండేవి."

నిజమే, 1990ల్లో పెట్టిన డీజిల్ కరెంటు ప్లాంటు. ఆరు ఇంజన్లు, ఒక్కోటి 21 మెగావాట్లు, మొత్తం 128 దాకా. ఓడల్లో వాడే రకం ఇంజన్లు. బొగ్గు ప్లాంటు స్టార్ట్ అవ్వాలంటే గంటలు పడుతుంది, ఇవి నిమిషాల్లో అందుకుంటాయి, అందుకే ఊరి పక్కనే పెట్టుకున్నారు. కాకపోతే అవి తాగే హెవీ ఆయిల్, అంటే చిక్కటి ఇంధన నూనె, చల్లారితే బెల్లం పాకంలా గడ్డకట్టేస్తుందంట, పైపులన్నీ వేడి చేస్తూనే ఉండాలి, పైగా యూనిట్ రేటు చూస్తే గుండె గుభేల్. ఇప్పుడక్కడ 370 మెగావాట్ల గ్యాస్ ప్లాంటు ఉంది.

ఊరికే లెక్కేశా, మా సెట్టు లాంటివి 640 కలిపితే ఆ పాత ప్లాంటు అంత. ఈ రోడ్డు పొడుగునా అపార్ట్‌మెంట్లు, ఆసుపత్రులు, ఐటీ ఆఫీసులు, అన్నిటి వెనకా ఒకటో రెండో సెట్లు. అంటే ప్లాంటు ఎక్కడికీ పోలేదు, ముక్కలై మా పార్కింగుల్లోకి వచ్చేసిందన్నమాట.

అంకుల్ మాత్రం సైలెన్సర్ దగ్గర చెవి పెట్టి "ఒక ఇంజెక్టర్, అదే డీజిల్ చిమ్మేది, సరిగ్గా లేదు, చెప్పండి వాళ్ళకి" అని వెళ్ళిపోయారు.